కొసరులో దాగిన దోషము

వర్షర్తువు వెడలియు వెడలక శరత్తు చేరియు చేరకయున్న యాశ్వయుజమాసారంభమున, ప్రాక్సముద్రగర్భమునుండి లేచిన నీలజలదపంక్తులు యారాడకొండ శిఖరము నొరసికొనుచు ఋషికొండ దెసకు మెల్లగా సాగుచుండగా, రేవు విడిచి వేటకు వెడలిన మరపడవల ధవళఫేనరేఖలు ఒడ్డున నిలిచి చూచువారికి క్షణక్షణము సన్నగిలుచుండగా, ఆ కొండకొమ్మున నద్దపుగోడలతో వెలయు నొక కార్యాలయమున మైలపల్లి పోలేశ్వరి యను యువతి కంప్యూటరు తెరపై చూపు నిలిపి కదలక మెదలక కూర్చుండియుండెను. కిటికీ నిండ సముద్రమే కనబడుచున్నను ఆమె యటు కన్నెత్తి చూడలేదు.

ఆమె చేయుచున్న పనియేమో ముందుగా విన్నవించెదను. కంప్యూటరునందలి తక్కిన ప్రోగ్రాములన్నియు నవసరము కలిగినపుడెల్ల పిలిచి పని చేయించుకొను ఆజ్ఞాసముదాయమునకు లైబ్రరీ యని పేరు. పుస్తకములుండవు, చదువరులుండరు, చాకిరి మాత్రము కొండంత! పోలేశ్వరి చేతియందలి లైబ్రరీని మూటవిప్పు అందురు. మూటగట్టి పంపిన సమాచారమును విప్పి యిచ్చుటయే దాని పని. వేటపడవలలో నమర్చిన తుపాను హెచ్చరికల పెట్టెలు తీరమునుండి వచ్చు వార్తామూటలను దానిచేతనే విప్పించుకొనును. అట్టి లైబ్రరీలో నొక లోపము బయటపడెను. మూటపైనున్న పేరునం దెన్ని యక్షరములున్నవో లెక్కించి సరిగా నంత చోటే యడుగుచుండెను గాని, పేరు ముగిసినదని తెలుపు గుర్తునకును నొక చోటు వలయునని మఱచెను. ఆ గుర్తు దిక్కులేక పొరుగుచోటున పోయి పడుచుండెను. ఇంతమాత్రమునకే యింత రభసయా యందురేమో! ఆ యొక్క సందు చాలును. కుటిలబుద్ధి యొకడు కపటపుమూట పంపి హెచ్చరికపెట్టె నోరు నొక్కివేయగలడు. నడిసంద్రమున వాయుగుండము పుట్టినదని యాయుదయముననే వార్త వచ్చెను. పోలేశ్వరి తోడబుట్టిన ఎల్లాజీ యంతకుముందే వేటకు వెడలిపోయియుండెను.

లోపమును కనిపెట్టిన పరిశోధకుడు మర్యాదస్థుడు. రహస్యముగా కబురంపి, యానాటి సూర్యాస్తమయమువఱకు గడువిచ్చి, పిమ్మట లోకమునకెల్ల వెల్లడించెదనని తెలిపియుండెను. మూటవిప్పును సృష్టించినవాడు గొర్లె పారినాయుడు మాస్టారు, పోలేశ్వరికి విద్య నేర్పినవాడును ఆయనయే. ఆయన నెలకొల్పిన ఆచార మొకటి యా కార్యాలయమున చెల్లుచుండెను. మరమ్మతు చేసినవారు దానిని శోధించు చిన్న ప్రోగ్రామును, అనగా పరీక్షను, వ్రాయవలెను. పరీక్ష నెగ్గినంతనే సంబరపడరాదు. మరమ్మతును తీసివైచి మరల నడిపి, ఆ పరీక్ష యోడుట కన్నులార చూడవలెను. ఓడుట యెఱుగని పరీక్ష యాయన దృష్టిలో పరీక్షయే కాదు.

పోలేశ్వరి లోపమును సరిదిద్దెను. పరీక్ష వ్రాసి నడిపెను. నెగ్గినదని తెలుపు పచ్చనిగుర్తు తెరపై వెలిగెను. తోడి యుద్యోగులు చప్పట్లు చఱచి తేనీటికై మెట్లు దిగిపోయిరి. ఆమె మాత్ర మాచారము చొప్పున మరమ్మతును తీసివైచి మరల నడిపెను. ఔరా! మరల పచ్చనిగుర్తే! ఆమె యా గదిలోనే యున్న పారినాయుడు మాస్టారును పిలిచెను.

“మాస్టారూ, మరమ్మతు తీసేసినా పరీక్ష నెగ్గిపోతోందండీ.”

“అదేటమ్మా! మళ్లీ నడుపు.”

మరల నడిపినను పచ్చనిగుర్తే. పారినాయుడు మాస్టారు పడమటి దిక్కునకు వాలుచున్న పొద్దును జూచి కళవళపడెను.

“చూడమ్మా, టైమైపోతోంది. నువ్వు చేసిన మరమ్మతు నేను అక్షరం అక్షరం చదివాను, బాగానే ఉంది. ఈ ఒక్కసారికీ ఆ ఆచారం పక్కన పెట్టేయ్. పంపించేద్దాం.”

“పంపించేస్తే, మరమ్మతుని చూసి సందు ఎక్కడుందో దొంగలు పట్టేస్తారు, మనమే వేలెట్టి చూపించినట్టు కదండీ! సగమే పూడ్చుంటే? మా అన్న సంద్రం మీదున్నాడు మాస్టారూ. నేను పంపనండి.”

గురువుమాట కెన్నడు నెదురాడని పిల్ల యిట్లనుటచే ఆయన ముఖము కందెను. కోపమే వచ్చెను, నే నేల దాచవలెను? అయినను కుర్చీ లాగికొని యామె ప్రక్కన కూర్చుండెను.

ఇరువురును వెదకగా వెదకగా కారణము దొరకెను. కంప్యూటరునందు చోటు కొలిచి యిచ్చు భాగ మొకటి కలదు. అది మన రైతుబజారు కూరగాయలయమ్మ వంటిది. అడిగినంత తూచి, పైన నింత కొసరు వేసిగాని పంపదు. పోలేశ్వరి పరీక్షకై యేరికొన్న పేరు కొలతకు కొసరు దండిగా దొరకెను. దారితప్పిన గుర్తు పోయి యా కొసరులో పడి హాయిగా కూర్చుండెను. ఎవరికిని హాని లేదు, ఎక్కడను చప్పుడు లేదు.

“కొసరండీ మాస్టారూ, కొసరు మనల్ని మాయచేసింది! కొసరు దొరకని కొలతలు అడగాలి.”

“అన్ని కొలతలూ అడుగు. మూటలో మూట పెట్టి కూడా అడుగు. పడవలకి వెళ్లేవి అలాంటివే కదా!”

ఆయన కంఠమున కోపము పోయి పూర్వోత్సాహము మరల పలికెను. పొట్టిపేరు మొదలుకొని కడు దీర్ఘమైన పేరువఱకు వరుసగా నడుగునట్లు పోలేశ్వరి పరీక్షను తిరుగవ్రాసి, మరమ్మతు లేకయే నడిపెను. ఎఱ్ఱగుర్తులు! తమ లైబ్రరీ యోడిపోవుట జూచి గురుశిష్యు లిరువురు పండుగవలె పొంగిపోయిరి. పిమ్మట మరమ్మతును చేర్చి నడిపెను. ఎఱ్ఱగుర్తులు పచ్చబాఱినవి గాని, మూటలో మూటయున్న చోట మాత్రము ఎఱ్ఱన యట్లే నిలిచెను. ఇరువురి సంతోషము నీరుగారిపోయెను.

లోపలిమూట పేరును మరల నెత్తి వ్రాయు చోట నదే తప్పు రెండవమాఱు దొరలియుండెను. మాస్టారు తమ స్వహస్తమున వ్రాసిన భాగ మది. ఆయనయే దానిని వ్రేలితో చూపెను, ఆమె దిద్దెను. ఒక మరమ్మతును తీసి చూచిరి, ఓడెను. రెండవదానిని తీసి చూచిరి, ఓడెను. రెండును చేర్చి నడుపగా పరీక్ష యంతయు పచ్చని చేనువలె నిలిచెను. సింహాచలము కొండమీద నింకను వెలుతురుండగనే సరిదిద్దిన మూటవిప్పు ఆకాశమార్గమున పడవపెట్టెలకు పోయి చేరెను.

“ఇందాక నా మాట విని ఉంటే ఏమైపోదుమమ్మా!”

“విన్నానండి మాస్టారూ. మీరు నాకు మొదట్లో చెప్పిన మాటే విన్నాను.”

పారినాయుడు మాస్టారు పకపక నవ్వెను. అట్టి శిష్యురాలు దొరకుట యదృష్టమని యాయన, తేనీరు త్రాగి మరలివచ్చిన తోడి యుద్యోగులందఱు వినునట్లు పలికెను.

పరిశోధకుడు చెప్పిన ప్రకారము లోపమును వెల్లడించెను. దొంగ లా సందునకై గుంపులుగా వచ్చి, మూసిన గోడను తడవి తడవి మరలిపోయిరి. వాయుగుండము బలపడి తీరమువైపు తిరిగెను. మరునాటి పగటిపూట పోలేశ్వరి సెల్‌ఫోను మ్రోగెను. ఎల్లాజీ రేవునుండి మాటాడుచుండెను.

“సెల్లీ, పెట్టె కబురు సెప్పింది, పడవలన్నీ ఒడ్డుకొచ్చేసినాయే. మీరేటో పెట్టెని బాగుసేసినారంట గదా? నాకైతే ఏటీ తేడా కనపడ్నేదు.”

“కనపడ్నేదు గదా? అదేనన్నా మేం సేసింది!”

గర్వముతో పలుకబూనిన యా మాట కడపటికి రాకమునుపే యామెకు కన్నీరు పొరలివచ్చెను.