నంబరు లేని పలక

సీసం ముద్ర తెంచినప్పుడు వచ్చే చప్పుడు చాలా చిన్నది. ఎండుపుల్ల విరిగినంత. అయినా రావియాకు అది వెన్నులో వినిపించింది.

నేలమాళిగలోని ఆ గది ఈ రోజు నుంచి ఆమె పూచీ. ఎగువ ఈజిప్టులోని ఆ పాత మ్యూజియంలో గది అప్పగించడమంటే తాళంచెవి చేతిలో పెట్టడం కాదు. ముగ్గురు కలిసి ముద్ర తెంచాలి. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, తిప్పి, అడుగున నల్లసిరాతో రాసిన నంబరు చూడాలి. ముగ్గురూ కలిసి మళ్ళీ ముద్ర వేయాలి. ఆ తర్వాత లోపల ఒక్క పూస తగ్గినా అది కొత్తగా సంతకం పెట్టినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. పక్క జిల్లాలో ఒకావిడ రాతిలో చెక్కిన పురుగు బొమ్మ ఒకటి కనబడక కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ బొమ్మ చివరికి అదే అరలో, దూది కింద దొరికింది. అప్పటికి ఆవిడ ఉద్యోగం పోయింది, నిద్ర పోయింది. ఈ సంగతి రావియాకు ఎవరో ఒక్కసారే చెప్పారు. అప్పటినుంచి ఆమె తనకు తానే చెప్పుకుంటోంది.

"చేతులు వణకనీకు తల్లీ," అన్నాడు షౌకత్. పదవీ విరమణ చేస్తున్న పాత సంరక్షకుడు ఆయనే. ఆమెకు ఈ పని నేర్పిందీ ఆయనే. "భయపడే చేతిలో రాయి నిలవదు."

"మీవి వణకడం లేదా ఉస్తాద్?"

"నావి వయసుకి వణుకుతున్నాయి. దానికి ప్రభుత్వం పింఛను ఇస్తుంది."

"మీ ముచ్చట్లు బయట పెట్టుకోండి," అంది మదాం ఇక్రామ్. తనిఖీ కమిటీకి ఆవిడే పెద్ద. "గురువారం మా అమ్మాయి నిశ్చితార్థం. ఇంకా మిఠాయిలకు కూడా చెప్పలేదు."

పెట్టెలు ఒక్కొక్కటే తెరిచారు. వేల ఏళ్ళనాటి రొట్టె ఒకటి వచ్చింది. పిండి అదిమిన వేళ్ళ గుంటలు దాని మీద ఇంకా ఉన్నాయి. ఒక పసిబిడ్డ చెప్పు వచ్చింది, జత లేదు. బొమ్మ ఎలుక ఒకటి వచ్చింది, దవడ కదులుతుంది. ఇంకో రోజైతే రావియా ఆ గుంటల్లో తన వేళ్ళు ఆనించి చూసేది. ఆ రొట్టె చేసినావిడ ఎవరి మీద విసుక్కుంటూ పిండి కలిపిందో ఊహించేది. ఇప్పుడు ఆమె కళ్ళకు నంబర్లే కనిపిస్తున్నాయి. ఆశ్చర్యపోవడానికి కూడా కొంత ధైర్యం ఉండాలని ఆమెకు మొదటిసారి తెలిసింది.

చివరి పెట్టెలో చెవుల పలకలున్నాయి. అరచేతిలో పట్టేంత సున్నపురాతి ముక్కలు. పూర్వం జనం వాటి మీద చెవులు చెక్కించి గుడిలో ఉంచేవారు, తమ మొర దేవుడి దాకా వెళ్ళాలని. ఒక్కో దాని మీద ఒక చెవి, రెండు, కొన్నిటి మీద నిండా చెవులే. రావియా గొంతు తెలియకుండానే తగ్గిపోయింది.

అప్పుడే ఇక్రామ్ ఫోను మోగి ఆగిపోయింది. నేలమాళిగలో సిగ్నల్ నిలవదు. "మిఠాయి కొట్టువాడు. మెట్ల దగ్గరే ఉంటాను, మీరు కానివ్వండి," అంటూ ఆవిడ గడప దాటింది.

రావియా తర్వాతి పలక తీసి తిప్పింది. అడుగు బోసిగా ఉంది. దీపం కిందకు పెట్టి చూసింది. సిరా లేదు, సిరా చెరిపిన మరక లేదు. రాయి మాత్రం పాతదే, మసి పట్టి నల్లబడింది. చెవి అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. ఏదీ తగ్గలేదు. ఒకటి ఎక్కువుంది. తగ్గితే దొంగతనం అంటారు. ఎక్కువైతే ఏమంటారు? అసలుదాన్ని మార్చేయడానికి నకిలీ తెచ్చి పెట్టారంటారు. లేదా దొంగసొత్తు దాచారంటారు. ఎవరని అడుగుతారు. సంతకం చూస్తారు.

తలెత్తేసరికి షౌకత్ ఆమెను చూడటం లేదు. గోడను చూస్తున్నాడు.

"ఉస్తాద్. ఇది ఎక్కడిది?"

"నువ్వు తిప్పి చూడవనుకున్నాను."

"తిప్పి చూడమని నేర్పింది మీరే కదా."

"అదే నా ఖర్మ." ఆయన పెట్టె అంచు పట్టుకుని కూర్చున్నాడు. "మా ఊళ్ళో ఇంటి గోడలో ఉండేది తల్లీ, పొయ్యి పక్కన. మా అమ్మ ఎవరికీ చెప్పుకోలేనివి దానికి చెప్పుకునేది. నాన్న కొట్టిన రోజు. చెల్లి పోయిన రోజు. ఆమె పోయాక అన్నలు ఇల్లు పడగొట్టారు. పాత వస్తువులు కొనే బేరగాడు ఒకడు వాసన పట్టి వచ్చాడు. నేనేం చెయ్యను? ఇంట్లో ఉంచుకుంటే జైలు. ఇక్కడ అప్పగిస్తే, ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఎందుకుందంటారు. అన్నల్నీ లాగుతారు."

"నైలు పక్కనే ఉందిగా. పడేయాల్సింది."

"మా అమ్మ మాటలన్నీ అందులోనే ఉన్నాయి. నీళ్ళలో ఎలా వదిలేది?"

"లోపలికి ఎలా తెచ్చారు?"

"ఒక తనిఖీ రోజున, టిఫిన్ డబ్బాలో, చిక్కుడు గింజల కింద. బయటకు పోయేవాళ్ళ సంచులే వెతుకుతారు. లోపలికి తెచ్చే పిచ్చివాడు ఉంటాడని ఎవరనుకుంటారు?" నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "తనిఖీకి వచ్చినవాళ్ళు పెట్టెలు లెక్కపెట్టి టీ తాగి పోయేవారు. వాళ్ళు పోయేదాకా నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి."

జాలి పడాలని రావియాకు తెలుసు. కానీ ముందు వచ్చింది కోపం. ఇన్నేళ్ళు ఈయన మోసిన భయాన్ని పాత కోటులా విప్పి తన భుజాల మీద వేసి వెళ్ళిపోతున్నాడు. తనకు ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. చెబితే ఈయన ముసలితనం జైల్లో గడుస్తుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు తను జైలుకు వెళ్తుంది.

ఇక్రామ్ తిరిగి వచ్చింది. "అయిందా?"

చెప్పాలో వద్దో తేల్చుకోకముందే రావియా నోరు పలికింది. "ఒకటి ఎక్కువుంది మదాం. నంబరు లేదు."

షౌకత్ కళ్ళు మూసుకున్నాడు.

ఇక్రామ్ ఆ పలకను ముట్టుకోలేదు. దూరం నుంచే చూసింది. ఆవిడ ముఖంలోని తొందర మెల్లగా పోయి, ఆ స్థానంలో రావియా బాగా ఎరిగిన భయమే వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ పెట్టె సరిగ్గా ఉందని సంతకం పెట్టిన కమిటీకీ ఆవిడే పెద్ద.

"మళ్ళీ లెక్కపెట్టు," అంది.

రావియా లెక్కపెట్టింది. "ఎక్కువే ఉంది."

"మళ్ళీ పెట్టు. విరిగినవాటిని ఎలా లెక్కేశావు?"

"విరిగింది ఒకటే మదాం. దాని రెండో ముక్క దొరకలేదు."

"ఇదే ఆ రెండో ముక్క."

"ఇది విరగలేదు. చూడండి, నాలుగు అంచులూ..."

"నాకు కళ్ళజోడు లేదు," అంది ఇక్రామ్. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. "రెండు ముక్కలు, ఒకే నంబరు. నీ చేత్తోనే రాయమ్మా. పూచీ నీది కదా. షౌకత్ గారూ, మీరేమంటారు?"

"మదాం ఎలా అంటే అలా," అన్నాడాయన, వినబడీ వినబడనట్టు.

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. ఎవరూ గొంతు పెంచలేదు, బెదిరించలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. వాళ్ళ ముఖాల్లో ఉన్నది బతిమాలడం. కాదంటే ఈ ఇద్దరూ ఒకటై, తప్పు లెక్క తనదే అంటారని ఆమెకు స్పష్టంగా కనిపించింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కావడం వల్ల కాదు, భయం వల్ల.

పలకను విరిగిన ముక్క పక్కన పెట్టింది. అంచులు ఎక్కడా కలవలేదు. రిజిస్టరులో 'రెండు ముక్కలు' అని రాసింది. ఆ అక్షరాలు తనవిలా లేవు, ఎవరో చెయ్యి పట్టి దిద్దించినట్టున్నాయి. ముగ్గురూ సంతకాలు చేశారు. తలుపు మూసి, తీగ చుట్టి, సీసాన్ని నొక్కారు.

మెట్లెక్కుతూ షౌకత్ అన్నాడు, "చెరో పళ్ళెం కొషరీ తిందామా తల్లీ? నేను ఇప్పిస్తాను. ఎన్నాళ్ళకో ఆకలేస్తోంది." వీపు నిటారుగా పెట్టి, చిన్నపిల్లాడిలా ఎక్కుతున్నాడు. ఇక్రామ్ అప్పుడే మిఠాయి కొట్టువాడితో పిస్తా ధర గురించి గొడవ పడుతోంది.

"మీరు పదండి, వస్తాను," అంది రావియా.

కిందికి దిగింది. తీగను లాగి చూసింది. ముద్ర గట్టిగానే ఉంది. సగం మెట్లెక్కాక ఆగి, మళ్ళీ దిగింది.

"ఇప్పుడేగా చూశారు మదాం," అన్నాడు కాపలా కానిస్టేబుల్, స్టూలు మీద కూర్చునే.

"అవును," అంది. సీసం మీద నుంచి ఆమె వేలు రావడం లేదు.