కెస్ట్రిన్‌కు పెట్టిన బొట్టు

ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో మా తెలుగువాళ్లలో ఐదిళ్లవాళ్లు కెస్ట్రిన్ ఫోన్లు వాడుతున్నారంటే అది నా చలవే. పదకొండేళ్లలో ఆ కంపెనీ నాకు జీతమైతే ఇవ్వలేదు గానీ, ఎవరింటికి పేరంటానికి వెళ్లినా తాంబూలం అందుకునేలోగా నా ఫోన్ గొప్ప చెప్పకుండా వచ్చిన రోజు లేదు. మా ఆయన ఆదర్శ్‌ది వేరే కంపెనీ ఫోను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆ డొక్కు ఫోనేమిటని నేనూ, వంకాయకూర వీడియోలు చూడటానికి అంత ఫోనెందుకని ఆయనా అనుకుంటూ కాపురం సాఫీగానే నడుపుకొస్తున్నాం.

మొన్న దసరాకు ఆయుధపూజ చేశాను. మా ప్రొద్దుటూరులో అయితే కుట్టుమిషనూ, కత్తిపీటా, స్కూటరూ వరుసగా పెట్టేవాళ్లం. ఇక్కడ కారు, మిక్సీ, ఆయన ల్యాప్‌టాప్, నా కెస్ట్రిన్. మిగతావాటికి తలా ఒక బొట్టు పెట్టి సరిపెట్టాను. కెస్ట్రిన్‌కు మాత్రం ప్రేమకొద్దీ తడి గంధం పూసి, నాలుగు వైపులా కుంకుమ అద్దాను. అడుగువైపు కూడా. ఛార్జింగ్ రంధ్రం ఉండేది అడుగువైపే అన్న సంగతి ఆ భక్తిలో గుర్తు రాలేదు.

మర్నాడు ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కలేదు. మధ్యాహ్నానికి పూర్తిగా ఆరిపోయింది. ఆయనకు మాత్రం ఛార్జర్ మీద అనుమానంగా ఉందని చెప్పాను.

ఫోన్ పోతే పోయింది. అందులో మా పెద్దమ్మ అలివేలుమంగ పాడిన నలభై ఒక్క పాటలున్నాయి. మేలుకొలుపులు, నలుగు పాటలు, హారతులు. ఏ పుస్తకంలోనూ అచ్చు కానివి. పోయినేడాది ఆమె వంటింట్లో కూర్చుని రికార్డు చేసుకున్నాను. తర్వాత రెండు నెలలకే ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. ఇప్పుడు గుసగుస తప్ప రాదు. ఆ గుసగుసతోనే ఒకసారి అంది: "నా గొంతు నీ కాడ ఉండాది గదమ్మే. నాకేం దిగులు?"

దిగులంతా ఇప్పుడు నా వంతయింది. పాటలన్నీ వాటంతట అవే కంపెనీవాళ్ల క్లౌడ్‌లోకి వెళ్లిపోయి ఉంటాయనుకున్నాను. వెళ్లలేదు. అక్కడ చోటు నిండిపోయిందని ఫోన్ ఏడాదిగా రోజూ చెబుతూనే ఉందట. నేను రోజూ ఆ మాటను వేలితో పక్కకు తోసేస్తూనే ఉన్నాను.

కెస్ట్రిన్ షాపు గుడిలా ఉంటుంది. చల్లటి రాతినేల, మెల్లటి మాటలు. చెప్పులు విప్పమనరు, అంతే తేడా. చొక్కా మీద కంపెనీ గుర్తయిన పిట్ట బొమ్మ ఉన్న అబ్బాయి టార్చ్ వేసి చూశాడు.

"లోపల ఎర్రగా ఏదో ఉందండీ. మిరప్పొడా?"

"అలాంటిదే," అన్నాను. అతను నింపుతున్న ఫారంలో దైవభక్తికి గడి ఉన్నట్టు లేదు.

"మేం రిపేరు చేయం. దీన్ని తీసుకుని ఇంకోటి ఇస్తాం."

"ఇందులో ఉన్నవి?"

"డేటా కస్టమర్ల బాధ్యతండీ."

"ఒక్కసారి తెరిచి చూడవా, నాయనా?"

"తెరిచే పనిముట్లు మా షాపులో ఉండవు."

పదకొండేళ్లుగా నేను కొలిచిన గుడికి గర్భగుడే లేదన్నమాట. ఫోన్ ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

"మా వైపు వచ్చెయ్యవోయ్ గిరిజా," అన్నారు ఆదర్శ్. "పార్టీ మారడం మనవాళ్లకు కొత్తేం కాదుగా."

నవ్వబోయాను. రాలేదు. మా అమ్మాయి సిరి నా మొహం చూసి, "మమ్, ట్రై ద రిపేర్ కెఫే. చర్చ్ హాల్, సాటర్‌డే," అంది.

నెలకో శనివారం రిటైరైనవాళ్లు ఆ హాల్లో కూర్చుని, ఊళ్లోవాళ్లు తెచ్చిన పాడైన సామాన్లు ఊరికే బాగుచేసి, పైగా టీ కూడా ఇస్తారు. టోస్టర్ల మధ్య బెరిల్ అనే ఆవిడ ఉంది. డెబ్బై ఆరేళ్లు. చెవి మిషన్ల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు సన్నటి తీగలు అతికే సోల్డరింగ్ పని చేసిందట. టీ కప్పు పట్టుకున్న చెయ్యి సాసర్ టకటకమనేలా వణుకుతోంది. ఆదర్శ్ నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూడలేదు.

"మాట మాత్రం ఇవ్వను, డియర్," అంది బెరిల్.

బియ్యం మూట వేడిచేసి ఫోన్ అంచుల మీద అదిమింది, మా పెద్దమ్మ చెవిపోటుకు కాపడం పెట్టినట్టే. జిగురు కరిగి అద్దం లేచింది. తర్వాత లోపలి సర్క్యూట్‌ను మైక్రోస్కోప్ కిందకు తోసి, "చూస్తావా?" అంది.

కన్ను ఆనించాను. నా జన్మలో అంత చక్కటి ఊరు చూడలేదు. బంగారు వీధులు. ఒక్క వంకర లేదు. వరుసగా నల్ల కప్పుల ఇళ్లు. వీధి చివర గంధపు బురదలో కూరుకుపోయి, కొండంత ఎర్రటి బండ ఒకటి. నేను పెట్టిన కుంకుమ.

"నీ పాటలు ఇందులో," అని బెరిల్ సన్నటి పట్టకారు మొనతో ఒక నల్ల కప్పును చూపించింది. చిటికెనవేలి గోరంత. ఆ గోరంతలో మా పెద్దమ్మ పీట కిర్రుమనడం, ఆమె గాజులు, నలభై ఒక్క పాటలు. ఇన్నేళ్లూ పేరంటాల్లో నేను గొప్పలు చెప్పింది దీని పైతొడుగు గురించా?

బెరిల్ సోల్డరింగ్ ఐరన్ అందుకుంది. టీ కప్పు పట్టుకుంటే వణికిన చెయ్యి ఆ పిడి తగలగానే నిలిచిపోయింది. గాలి లేనప్పటి దీపంలా. గంధం కడిగింది, బండను పెళ్లగించింది, తెగిన వీధిని వెంట్రుక కంటే సన్నటి తీగతో అతికింది.

ఫోన్ తెర మీద పిట్ట బొమ్మ వెలిగింది.

"ఎంతసేపు ఉంటుందో చెప్పలేను. ముందు పాటలు బయటికి తియ్యి."

చేతికి అందిన ఫోన్ ఆదర్శ్‌ది ఒక్కటే. ఒక్కొక్కటిగా నలభై ఒక్క పాటలూ ఆ డొక్కు ఫోన్లోకి వెళ్లాయి. ఆయన ఒక్కసారైనా దెప్పలేదు. పెళ్లయ్యాక ఇదే మొదలు.

వచ్చాయో లేదోనని ఒకటి పెట్టాను. పెద్దమ్మ గొంతు ఆ చర్చి హాలు పైకప్పు దాకా లేచింది. టోస్టర్లవాళ్లు చేతులు ఆపారు. రెండో చరణం మధ్యలో పాట ఆగి, "గిరిజా, పాలు పొంగుతాండాయి, చూడుపో," అని వినబడింది. నేను లేవబోయాను.

"ఏమంటోంది?" అడిగింది బెరిల్.

"పాలు పొంగుతున్నాయంటోంది."

"మరి చూశావా?"

"చూశాను. అప్పటికే సగం పోయాయి."

బెరిల్ నవ్వి, "కొత్తది ఏ కంపెనీదైనా కొనుక్కో. విప్పడానికి స్క్రూలు బయటికి కనబడతాయో లేదో చూసి కొను," అంది. "ఇంతకీ ఆ ఎర్రది ఏమిటి?"

ఇక దాచలేకపోయాను. "ఏడాదికోసారి మేం పనిముట్లకు బొట్టు పెట్టి దండం పెడతాం."

"కుంకుమా?" అన్నారు ఆదర్శ్. "మరి ఛార్జర్ అన్నావు?"

బెరిల్ తన సోల్డరింగ్ ఐరన్‌ను చేతిలోకి తీసుకుంది. "ముప్పయ్యేళ్లు దీంతోనే బతికాను. ఒక్కసారీ థ్యాంక్యూ అయినా చెప్పలేదు."

నా హ్యాండ్‌బ్యాగ్‌లో కుంకుమ పొట్లం ఎప్పుడూ ఉంటుంది. "చెప్పమంటారా, మీ తరఫున?"

"పిడికి పెట్టు," అంది బెరిల్. "రంధ్రాలకు దూరంగా."

పొట్లం విప్పాను. ఆదర్శ్ బల్ల మీది తన ఫోన్ తీసుకుని, జేబులో వేసుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.