పైమట్టి తీసే రోజు

కిటికీ చువ్వల మీద పేరుకున్న బొగ్గు నుసిని తడిగుడ్డతో తుడుస్తోంది ఆమె. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ వేలికి అంటుకునే నుసి. గని పక్కన కాపురమంటే అంతే. గుడ్డ పిండిన నీళ్ళు నల్లగా బకెట్లో పడుతుంటే, భర్త వెనకనుంచి వచ్చి భుజమ్మీద చెయ్యి వేశాడు.

"తీరిగ్గా తుడుచుకో. ఇవాళ నీకు సెలవు. మీ ఆఫీసులో పెద్దాయనకి నేనే చెప్పేశాను."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "నేను అడగలేదే?"

"నువ్వెప్పుడడిగావు గనక? మధ్యాహ్నం అక్కావాళ్ళు వస్తున్నారుగా. నువ్వూ అలిసిపోయావు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో." ఆమె చెంప మీది మసి మరకని బొటనవేలితో తుడిచి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

"మంచి పని చేశావురా నాయనా!" వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "అమ్మాయ్, ఆ పని కానిచ్చి ఇలా రా, తలకి నూనె పెడతాను. ఆ ఎండలో తిరిగి తిరిగి జుట్టు పీచయిపోయింది."

ఆ ఇంట్లో ఆమెని పల్లెత్తు మాట అనేవాళ్ళు లేరు. జలుబు చేస్తే అత్తగారు మంచం దిగనివ్వదు. అతనైతే నలుగురిలో కూడా దాచుకోడు. "ఈవిడ లేకపోతే నా చొక్కా ఎక్కడుందో నాకే తెలీదండీ" అంటాడు. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది, మర్నాడు మళ్ళీ చొక్కా వెతికిపెడుతుంది. ఇద్దరిదీ ఒకే గని. అతను బొగ్గు తీయించే మేనేజరు, ఆమె ప్లానింగు సెక్షనులో. కొత్త గనికి ఏది ఎక్కడుండాలో గీసింది ఆమే. మంచి నేల పాడవకూడదని వర్క్‌షాపునీ, బొగ్గు కుప్పల స్థలాన్నీ, బురద నీళ్ళు తేరుకునే చెరువునీ రాళ్ళదిబ్బ మీదికి జరిపింది. మీటింగులో అది వివరిస్తుంటే అతను ముచ్చటగా చూసి, "ఇల్లు సర్దే చెయ్యి కదండీ, గనిని కూడా సర్దేస్తోంది" అన్నాడు. గది గదంతా నవ్వింది. ఎంత ఆలోచించినా అందులో తప్పు పట్టడానికి ఆమెకి కొస దొరకలేదు. కొడితే ఇరుగుపొరుగు పరిగెత్తుకొస్తారు. ముద్దు చేస్తే ఎవరొస్తారు?

సెలవు రేపిచ్చినా బాధ ఉండేది కాదు. ఇవాళ తూర్పు వైపు పైమట్టి తీస్తారు. బొగ్గు కావాలంటే ముందు నేలని ఒలవాలి. పైనున్న జానెడు మట్టిలోనే ఉంటుంది ప్రాణమంతా. గడ్డి విత్తనాలూ, వేళ్ళూ, వానపాములూ అన్నీ అక్కడే. దాన్ని విడిగా తీసి, తవ్వి పూడ్చేసిన పడమటి గుంత మీద ఆ రోజే పరిస్తే మళ్ళీ నేల లేస్తుంది. కింది రాతిమట్టితో కలిసిందా, ఇక అది ఎందుకూ పనికిరాదు. జానెడన్నది కాగితం మీది మాట. నేల మీద ఒకచోట బెత్తెడుంటుంది, ఇంకోచోట మూరెడుంటుంది. ఎవరో ఒకరు బుల్డోజరుకి ముందు నడుస్తూ, మట్టి రంగు మారినచోటల్లా గుర్తు కర్రలు మార్చాలి. ఆ ఎవరో ఒకరు ఈమే.

పోయిన ఏడాది ఇలాగే, ఆడపడుచు కూతురికి జ్వరమని ఆమె వెళ్ళి ఉండిపోయింది. బుల్డోజరువాళ్ళు పాతిన కర్రల్నే నమ్ముకుని సూటిగా తోసుకుపోయారు. అంతా కలిసిపోయింది. అది పరిచిన ముక్కలో ఈనాటికీ ముళ్ళకంప తప్ప ఏదీ లేవలేదు. ఆఫీసులో దానికి "మేడంగారి తోట" అని పేరు. పెట్టింది భర్తే. ఇంటికొచ్చి చెప్పి మరీ నవ్వించాడు.

గుడ్డ బకెట్టు అంచున ఆరేసి, చేతులు కడుక్కుని ఫోను తీసింది.

"సార్, సెలవు నేను పెట్టలేదండీ. నన్ను ఎక్కించుకోకుండా జీపు వెళ్ళొద్దని చెప్పండి. అవునండీ, ఆయన పొరపాటున చెప్పారు."

ఫోను పెట్టేసి చూస్తే అతను తడి తలతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పొరపాటా? నీ మేలు కోరి చెప్పానే!"

"తెలుసు."

"ఒక్కరోజు నువ్వు లేకపోతే గని కూలిపోతుందా ఏం?"

"కూలదు. బొగ్గు వస్తుంది, లారీలు నిండుతాయి, మిమ్మల్ని శభాష్ అంటారు. నాలుగేళ్ళ తర్వాత కూడా పడమట గడ్డి మొలవదు, అంతే. దానికి ఇవాళే కారణమని అప్పుడు ఎవరికీ గుర్తుండదు."

"పోనీ పైమట్టి రేపు తీయిస్తాలే."

"తీయించగలరా?"

అతను తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. యంత్రాలు రేపు ఇంకోచోటికి వెళ్ళిపోవాలని రాసింది అతనే. "అక్కకి ఏం చెప్పను?" అన్నాడు.

"పనికెళ్ళిందని."

"ఏడాదికోసారి వచ్చే మనిషికి అలా చెప్తే బాగుంటుందా?"

అత్తగారు గరిటె పట్టుకునే బయటికొచ్చింది. కొడుకు మొహమూ కోడలి మొహమూ చూసింది. "పోనీలేరా, ఓ పూట వెళ్ళొస్తుంది. వంట నేను చూసుకుంటా. అడిగితే నువ్వు మాత్రం కాదంటావా?"

"నేనా? అడిగితే ఎప్పుడైనా కాదన్నానా, చెప్పమను!" నవ్వాడు. నిజమే చెప్పాడు. ఏనాడూ కాదనలేదు.

అడిగితే. పెళ్ళయిన నాటినుంచి ఎన్నిసార్లు అడిగిందో ఆమెకి లెక్క లేదు. పుట్టింటికి వెళ్ళనా, జుట్టు కత్తిరించుకోనా, ఆదివారం గని దాకా వెళ్ళి రానా. అతను రోజూ బూట్లు తొడుక్కుని, తాళాలు తీసుకుని పోతాడు. గుమ్మం దగ్గర ఆగి ఎవరినైనా అడగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

బయట జీపు హారను మోగింది. అతని జుట్టునుంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి. తల సరిగ్గా తుడుచుకోవడం అతనికి ఈనాటికీ రాదు. ఆమె చెయ్యి అలవాటుగా లేవబోయింది. ఎంత ఇష్టమో ఆ మనిషంటే. ఇద్దరూ తన మొహంలోకే చూస్తున్నారు. వెళ్ళనా అని ఒక్కమాట ఆమె అంటే చాలు, వెళ్ళమ్మా అనడానికి ప్రేమగా, సిద్ధంగా ఉన్నారు.

ఆమె బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి, మేకుకున్న హెల్మెట్ అందుకుని, ఏమీ అనకుండా గడప దాటింది.