ప్రాపు మీద పసుపు

ఆ యేడు దసరా వెళ్ళిన వారానికే తుపాను పట్టుకుంది. గోదావరిఖని మైదానం చెరువులా నిండింది. కంపెనీ ఆటల పోటీలు ఆగిపోతాయనుకున్నాం. ఆగలేదు. ఆడవాళ్ళ లాంగ్ జంప్‌ను కట్టెల షెడ్డులోకి మార్చారు.

బొగ్గు బావిలో పైకప్పు కూలకుండా నిలబెట్టే కట్టె ప్రాపులు ఆ షెడ్డులోనే పేర్చి ఉండేవి. వాటిని ఒక పక్కకు జరిపి మట్టి నేలలో గుంత తవ్వాం. బొగ్గు తీసిన ఖాళీల్లో నింపడానికి గోదావరి నుంచి తెచ్చే ఇసుకే అందులో పోశాం. ఎగిరే ముందు కాలు మోపడానికి పలక కావాలంటే, నాలుగు వైపులా చదునుగా చెక్కిన ఒక ప్రాపును నేలకు సమంగా పాతాం. ఇసుక చదును చేసే పని నాది.

ఏటా గెలిచేది దవాఖాన నర్సు సువార్త. ఆమెకు కాన్వాసు బూట్లు ఉండేవి. ఆ యేడు మా చెల్లెలి బిడ్డ సారక్క కూడా పేరిచ్చింది. బొగ్గులో రాళ్ళేరే చోట అది బదిలీ కూలీ. ఎవరైనా పనికి రాని రోజునే దానికి పని. దాని తండ్రి ఎల్లేశం కప్పు కూలి కాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఇక్కడ గెలిచిన ఒక్కరినే కొత్తగూడెం పోటీలకు పంపుతారు. అక్కడ బాగా ఆడిన బదిలీ కూలీలను పర్మినెంటు చేస్తారని అందరూ అనుకునేవాళ్ళు. సారక్కకు కావలసింది అదే.

షిఫ్టు దిగి వానకు ఎటూ పోలేని వాళ్ళంతా షెడ్డులో చేరారు. ఎల్లేశం చంకకర్రతో వచ్చి ఇసుక బస్తా మీద కూర్చున్నాడు.

సువార్త మూడుసార్లూ ఎగిరింది. రెండోది బాగా పడింది. అక్కడ నేను పుల్ల గుచ్చాను.

సారక్క కొంగు నడుముకు బిగించి, ఉత్త కాళ్ళతో ఉరికింది. దాని ఉరుకు చూసి అందరూ ముందుకు జరిగారు. కానీ కట్టె దగ్గరకు వచ్చేసరికి బెదిరిన లేగలా తత్తరపడి, మూరెడు వెనకనుంచే ఎగిరింది. పుల్లకు ఇవతలే పడింది. రెండోసారీ అంతే.

"ఏంది సారక్కా, ముగ్గు దాటినట్టు దాటుతున్నవ్? తొక్కు!" అంది సువార్త.

"నీ సూదులు నువ్వు సూస్కో సిస్టరూ," అంది సారక్క. నవ్వలేదు.

అంపైరు యోనా సారు ఆఫీసు గుమాస్తా. టేపు మెడలో వేసుకుని తిరిగేవాడు. "అమ్మా, కొలత కట్టె కాడికెల్లి. నువ్వు మూరెడు ఎనుకకెల్లి ఎగిరితే ఆ మూరెడు గంగల కలిసినట్టే. ఇగ ఒక్కటే ఉన్నది, సూస్కో."

అది తల ఊపింది. కళ్ళు మాత్రం కట్టె మీదే ఉన్నాయి. నేనూ అటు చూశాను. దసరానాడు షెడ్డులో కట్టెలన్నిటికీ పెట్టిన పసుపు, కుంకుమ దాని మీద ఇంకా ఉన్నాయి. సువార్త బూట్లు తగిలి ఒక బొట్టు చెదిరింది. అప్పటిదాకా మాకెవరికీ అది తట్టలేదు. తండ్రి బొగ్గెత్తిన తట్టాచెమ్మస్‌కు కాలు తగిలితే కళ్ళకద్దుకునే పిల్ల, దాన్ని ఎట్లా తొక్కుతుంది?

నేను ఎల్లేశం దగ్గరికి వెళ్ళాను. "బావా, కట్టె మీద పసుపున్నది."

ఎల్లేశం కట్టె వైపు చూశాడు. "ఓరి, దీని భక్తి పాడుగాను," అని లేచి, కుంటుకుంటూ బిడ్డ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నా మీద కప్పు పడ్డనాడు మొదలు పలికింది గిసొంటి కట్టెనే గదా. అది పటపటమన్నదని ఉరికితెనే పాణం దక్కింది, కాలే పోయింది."

"అందుకే గద నాయినా, ఎట్ల తొక్కాలె?"

"కట్టె ఎందుకుంటది? మన బరువు మొయ్యనీకె. మొయ్యనియ్యి. మొక్కి తొక్కు, ఏమనదు."

సారక్క వంగి, కట్టెను తాకి కళ్ళకద్దుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్లేశం తిరిగి చూస్తే ఆ నవ్వు ఆగిపోయింది.

అది దూరంగా, షెడ్డు వాకిలి దాకా వెళ్ళింది. వాన జల్లు దాని వీపు మీద పడుతోంది. ఉరికింది. ఈసారి తత్తరపడలేదు. మడమ నిండుగా పసుపు మీద మోపింది.

కట్టె పటేలుమంది.

షెడ్డులో ఉన్న బావి పనివాళ్ళం అందరం ఒక్కసారే తలలెత్తి పైకి చూశాం. కొందరు గోడకు అతుక్కున్నారు. ఒకడు బయటికి ఉరికి వానలో నిలబడ్డాడు. పైన రేకులు తప్ప ఏమీ లేదు. తల దించేసరికి సారక్క ఇసుకలో కూర్చుని ఉంది. దాని మడమల గుర్తు నా పుల్లకు జానెడు అవతల ఉంది.

"నాయినా, సూసినవా?"

"యాడ సూసిన బిడ్డా, కప్పు దిక్కు సూసిన!"

వానలో నిలబడ్డవాడితో సహా అందరం నవ్వాం. ఆ ఎగరడం చూసినవాళ్ళు ఇద్దరే. యోనా సారు కట్టె మీది కాలునే చూస్తూ, తప్పు లేదని తెల్లజెండా ఎత్తాడు. నిండుగా చూసింది సువార్త ఒక్కతే. "కొంగు ఊడిపోయి రెక్క లెక్క లేచింది," అని ఆమె అందరికీ చెప్పేది. ఓడింది ఆమే, చెప్పుకున్నదీ ఆమే.

కొత్తగూడెంలో సారక్క రెండోది వచ్చింది. మరుసటి దసరాకు పర్మినెంటు కాగితం అందింది.

వాన వెలిశాక ఆ ఇసుక నీళ్ళతో కలిసి గొట్టంలో బావి కిందికి పోయింది. సన్నగా నెర్రె బాసిన ఆ కట్టె బావి పనికి పనికిరాదన్నారు. ఎల్లేశం అడిగి తెచ్చుకుని ఇంటి ముందు కూర్చోవడానికి వేసుకున్నాడు. ఆయన పోయాక కూడా చాలా ఏళ్ళు అది అక్కడే ఉండేది. డ్యూటీ దిగి అటు పోయినప్పుడు సారక్క చాయ్ ఇచ్చేది.

"కూసో మామా," అనేది.

నేను ముందు దాన్ని తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు కూర్చునేవాణ్ణి.