ఉప్పు రాయని వంటల పుస్తకం

మా బాపు చివరి నాలుగు నెలలూ చెవులతో తిన్నాడు. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

అది 1987. మందమర్రిలో కంపెనీ క్వార్టర్ మాది. బాపు అంటే నాన్న, పేరు గట్టయ్య, బొగ్గుబాయిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. గొంతులో లేచిన పుండు క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదు తీసుకుపోతే గొంతు కోసి, మాట వచ్చే భాగమే తీసేశారు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి పంపారు. దాంట్లోంచే పాలు, దాంట్లోంచే జావ. నోటితో తినేది లేదు, నోటితో మాట్లాడేది లేదు. ఇంకా ఎన్నాళ్లు అని మేము అడగలేదు, డాక్టర్లూ చెప్పలేదు.

ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసేవాడు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. అవ్వ, అంటే మా అమ్మ సమ్మవ్వకేమో అక్షరం ముక్క రాదు. ఆయన నోట మాట రాదు, ఆయన రాసింది ఆమెకు తెలియదు. వాళ్లిద్దరి మధ్య నేను. శ్రీరాంపూర్‌లో ఒక చిన్న బడిలో టీచరును. సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోకముందే బాపు పలక ఎత్తేవాడు. నేను పైకి చదివితే అవ్వ వినేది.

ఒకరోజు "వంటల బుక్కు తే" అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. ముద్ద మింగే యోగం లేని మనిషికి వంటల పుస్తకమెందుకు? అయినా మంచిర్యాల బస్టాండులో ఒకటి కనబడితే కొని తెచ్చి మంచం మీద పడేశాను. అట్ట మీద రంగుల బొమ్మ, లోపల నూట యాభై వంటలు. రెండు రోజులు దాన్ని రొమ్ము మీద పెట్టుకుని, వేలితో గీత వెంట గీత చదివాడు. మూడో రోజు పలక ఎత్తాడు.

"గిదేం బుక్కు? అన్నిట్ల కొబ్బరేనా? పుంటికూర లేదు. సర్వపిండి లేదు. మీ అవ్వను చెప్పమను."

అవ్వకు చదివి వినిపించాను. ఆమె చేతిలో చేట పక్కన పెట్టి నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"నేనేం జెప్పాలె? నా చేతులకు ఎర్కగని నోటికి ఎర్కనా?" అంది.

చేతులకే తెలుసు కాబట్టి చేతులతోనే చెప్పింది. మంచం పక్కన ఖాళీ గిన్నె పెట్టుకుని కూర్చుంది. సర్వపిండికని లేని పిండిని పిసికి, లేని నువ్వులు కలిపి, గిన్నె అడుగున అరచేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టింది. "గీ బొక్కలల్ల నూనె వొయ్యాలె. మూత వెట్టి సన్న సెగ మీద ఇడ్సిపెట్టాలె. మాడిన వాసన వస్తదనంగనే దించాలె, వచ్చినంక గాదు," అంది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. పెదవి చివర నుంచి నీళ్లూరి దిండు తడిసింది. అవ్వ కొంగుతో తుడిచి, "ఇగో, మీ బాపు తింటుండు," అంది. నవ్వుతూ అన్నదో ఏడుస్తూ అన్నదో నాకు తెలియలేదు.

అప్పటి నుంచి రోజుకో వంట. ఆమె చెప్పేది, ఆయన వినేవాడు, నేను బడి నోటుబుక్కులో రాసేదాన్ని. చింతచిగురు మాంసం, తలకాయ కూర, పచ్చిపులుసు, మక్క గట్క, గోదావరి చేపల పులుసు. వారం తిరిగేసరికి వాడకట్టు ఆడవాళ్లు సాయంత్రం కాగానే మా గుమ్మంలో చేరడం మొదలైంది. వాళ్లలో పక్క క్వార్టర్ ఐలవ్వ వచ్చేది వినడానికి కాదు, తగాదాకు.

"చింతచిగురుల గన్ని ఉల్లిగడ్డలెందుకే? కూరంత ఆగం జేస్తున్నవ్," అనేది.

"నీ ఇంట్ల ఏసుకోకు, నిన్నెవలన్న బతిలాడిన్రా?" అని అవ్వ.

బాపు తీర్పు పలక మీద వచ్చేది. చాలాసార్లు ఐలవ్వే గెలిచేది. అందరూ విరగబడి నవ్వేవాళ్లు. చావుకు దగ్గరపడ్డ మనిషి మంచం చుట్టూ అంత నవ్వు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కొలతల దగ్గరే నాకు చిక్కు వచ్చేది.

"ఉప్పెంత అవ్వా?"

"సరిపోయేంత."

"సరిపోయేంత అంటె బుక్కుల ఎట్ల రాయాలె?"

"మీ బాపు తిట్టనంత అని రాయి," అంది అవ్వ. గుమ్మంలో ఆడవాళ్లు గొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు. ఉప్పు అని రాసి, పక్కన గీత గీసి, ఖాళీ వదిలేశాను. అన్ని వంటలకూ అలాగే వదిలేశాను.

నవ్వు ఎందుకు వస్తుంది? నేను చిన్నప్పటి నుంచి చూసింది వేరు. బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చేవాడు. అవ్వ వేడివేడిగా వడ్డించేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొహం మాడేది. "ఉప్పు కషాయం జేసినవ్! నీకో దండమే తల్లీ, నీ వంటకో దండం!" అని రెండు చేతులూ జోడించి, కంచం గోడకు కొట్టేవాడు. అదే కూర నేనూ అవ్వా తినేవాళ్లం, ఉప్పు సరిగ్గానే ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు కాగుతున్న పులుసు గిన్నెను తన్నితే అవ్వ పాదం మీద పడి తోలు ఊడొచ్చింది. ఆ కాలితోనే వంగి, నేల మీది మెతుకులు ఒక్కొక్కటే ఏరింది. ఇరవై ఏళ్లు ఇదే భాగోతం. గుమ్మంలో కూర్చుని నవ్వుతున్న ప్రతి ఆడదానికీ ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు ఆ మనిషే కళ్లు మూసుకుని ఆమె వంటలు వింటుంటే, అందరూ అయ్యో పాపం అంటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కోపంలో నేను అచ్చం మా బాపునే అని అవ్వ అంటుండేది. అప్పట్లో ఆ మాటకు కూడా కోపమొచ్చేది.

నూట పదో వంట ఎల్లిపాయ కారం. బుధవారం సాయంత్రం అది రాసుకున్నాను. ఆడవాళ్లు వెళ్లిపోయారు. అవ్వ గిన్నె తీసుకుని లేవబోతుంటే బాపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. పలక మీద చాలాసేపు రాశాడు. బలపం రెండుసార్లు కింద పడితే నేనే ఏరి ఇచ్చాను. రాయడం అయ్యాక పలక నా చేతిలో పెట్టాడు.

"ఉప్పు ఎప్పుడు సక్కగనే ఉండె. బాయిల నుంచి వచ్చినంక నా నోట్లె బొగ్గే. ఏది తిన్నా చేదే. అక్కసు మీ అవ్వ మీద తీసిన. మాఫ్ చెయ్యమను."

నేను లోపలే రెండుసార్లు చదువుకున్నాను.

"ఏమంటుండు బిడ్డా?" అంది అవ్వ.

"ఉప్పు..." అని మొదలుపెట్టాను. ఆ ఒక్క మాటకే ఆమె భుజాలు ముడుచుకున్నాయి, దెబ్బ పడబోతున్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది. అది చూశాక నాలో ఏదో పుటుక్కున తెగింది. ఇరవై ఏళ్ల పాపానికి నాలుగు బలపం గీతలా? ఆ కాలి మచ్చకు, ఆ మెతుకులకు ఇంత చవకా? పలక మీది నుంచి చూపు తిప్పకుండా చదివాను.

"ఉప్పు ఎప్పుడు ఎక్కువనే వేస్తవట. ఏది తిన్నా చేదేనట."

సగం ఆయన మాటలే కావడంతో అబద్ధం బాగా అతికింది.

బాపుకు గొంతు పోయింది గాని చెవులు పోలేదు. మంచం మీద ఎగిరి లేచినంత పని చేశాడు. తల అడ్డంగా ఊపాడు. పలకను చూపించాడు, నన్ను చూపించాడు. అవ్వకు ఏమీ అర్థం కావడం లేదని తెలిసి, చివరికి రెండు చేతులూ ఎత్తి ఆమెకు జోడించాడు.

అవ్వ ఆ చేతుల వంక చూసింది. ఆ దండం ఆమె ఎన్నిసార్లు చూడలేదు?

"సచ్చెటప్పుడు గూడ నా వంటకు దండమేనా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. "నాలుగు నెలల సంది నోరెండిపోయేదాక చెప్తున్న గదయ్యా. ఇగ చెప్ప తియ్యి."

గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. బాపు పలక గుంజుకుని, "సక్కగ సదువు" అని రాశాడు. నేను కొంగుతో తుడిచాను. మళ్లీ రాశాడు. మళ్లీ తుడిచాను. మూడోసారి వేళ్ల మధ్య బలపం నిలవలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం బడి ఉండదు, అప్పుడు నిమ్మళంగా అవ్వకు చెబుదామనుకున్నాను. ఆమె ఇరవై ఏళ్లు ఉడికింది, ఈయన మూడు రోజులు ఉడకనీ అనుకున్నాను. ఆ మూడు రోజులూ అవ్వ గొట్టంలో జావ పోసింది, ఒళ్లు తుడిచింది, పక్క బట్టలు మార్చింది. మాట మాత్రం లేదు, వంట లేదు. గుమ్మంలోకి వచ్చిన ఆడవాళ్లను "ఇయ్యాల పానం మంచిగ లేదు" అని పంపేసింది. శనివారం మధ్యాహ్నం నేను బడిలో ఉండగానే బాపు పోయాడు. నేను కొట్టాలనుకున్నది ఆయన్ని. దెబ్బ మా అవ్వకు తగిలింది, అది ఇంకా తగులుతూనే ఉంది.

పదకొండో రోజు భోజనాల్లో అవ్వ వండిన ఏ కూరలోనూ ఉప్పు లేదు. దుఃఖంలో మరిచిందని అందరూ సర్దుకున్నారు. మరిచిపోవడం కాదు. క్వార్టర్ ఖాళీ చేసి, అవ్వా నేనూ శ్రీరాంపూర్‌లో కిరాయింట్లోకి మారాక కూడా అంతే. చిటికెడు తీస్తుంది, గిన్నె దాకా పోయి ఆగుతుంది, సగం తిరిగి డబ్బాలో వేస్తుంది. ఇరవై ఏళ్ల కంచాలు ఆమె చేతిని చెడగొట్టలేకపోయాయి, నేను చదివిన రెండు ముక్కలు చెడగొట్టాయి. ఎవరొచ్చినా, "ఆఖరి మాట గూడ ఉప్పు మీదనే అన్నడు మారాజు," అని చెప్పుకునేది. నేను పక్కనే కూర్చుని ఆ చప్పటి కూర తినేదాన్ని. నా నోరు పెద్దదే, గుండె మాత్రం పిరికిది.

నోటుబుక్కు మాత్రం ఊళ్లు తిరిగింది. ఐలవ్వ కోడలు ఎత్తి రాసుకుంది. దాన్ని చూసి ఇంకొకామె, ఆమె దగ్గర ధర్మపురి నుంచి వచ్చిన చుట్టాలు. ఒకరు నెలసరుకుల చీటీ కోసం తిరగేసేవాళ్లు. ఇంకొకరు అసలు వండనే వండరు, మధ్యాహ్నం పడుకుని ఊరికే చదువుకుంటారట. ఉప్పు పక్కన ఖాళీలో ఎవరికి తోచింది వాళ్లు నింపుకున్నారు.

ఏడేళ్లు గడిచాయి. 1994 ఎండాకాలంలో ఐలవ్వ మనవరాలు, కొత్త పెళ్లికూతురు, నోటుబుక్కు రాసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. రాస్తూ రాస్తూ, "ఉప్పెంతెయ్యాలె అమ్మమ్మా?" అని అడిగింది.

"ఉప్పు సంగతి నన్నడగకు బిడ్డా," అంది అవ్వ. "నా చేతికి ఉప్పు తెల్వది. గాయన పొయ్యేటప్పుడు జెప్పి పోయిండు."

ఇక నాతో కాలేదు. ఆ పిల్ల గడప దాటగానే అవ్వ ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. పలక మీద ఉన్న ప్రతి అక్షరం చెప్పాను. నేను ఏం చదివానో, ఎందుకు చదివానో, ఎన్నిసార్లు తుడిచానో, ఏదీ దాచలేదు. ఆ దండం ఎందుకు పెట్టాడో కూడా చెప్పాను. చీపురు తిరగేసి కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

అవ్వ చివరిదాకా వింది. తర్వాత నా గడ్డం పట్టుకుంది.

"పిస్సదానా! నా మనసు నిమ్మళం జెయ్యాలని గింత కథ అల్లినవా?"

"కథ గాదే అవ్వా. రాసిండు. నేనే తుడిచిన."

"మాఫ్ అనే మాట ఆయన తాన ఏడిది బిడ్డా? నేను సంసారం జెయ్యలేదా ఆయనతోని?"

"నీ మీద ఒట్టవ్వా!"

"నా కోసం అబద్ధపు ఒట్లు వెట్టకు. కండ్లు పోతయ్."

నేను ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాను. ఆమె నన్ను లేపి, కొంగుతో నా మొహం తుడిచి, నెత్తి మీద చెయ్యి వేసి నిమిరింది.

"నా బిడ్డ నాకు తెల్వదా?" అంది. "గంత మంచి మాట ఆయన రాసి ఉంటె, నువ్వు గప్పుడే సదివి జెప్తుంటివి గదా."