కుక్కర్ పాట

"పిల్లల ప్రోగ్రామ్‌లో కుక్కర్ ఏడవడమేంటి విద్యా? హ్యాపీగా ఎండ్ చేయి," అన్నాడు శ్రీహర్ష, తిన్న కంచం సింక్‌లో పడేసి. ఆ కంచం కడగాలని ఆ చేతికి ఏనాడూ తోచలేదు గానీ, భార్య రాసిన పాట దిద్దాలని మాత్రం తోచింది. చివరి రెండు లైన్లు కొట్టేసి, 'అందరి ఆకలి తీరుస్తానని ఆనందంగా ఈలేస్తాను' అని తనే రాసి పారేశాడు.

విద్య ఇలాంటివి చాలా రాసింది. చీపురు మాట్లాడేది ఒకటి, పెరట్లో ఉడుత మాట్లాడేది ఒకటి, మైక్రోవేవ్‌లో మరిచిపోయిన పాలగ్లాసు గోడు ఇంకొకటి. అమెరికాలో వాళ్లుండే కమ్మింగ్ ఊళ్లో ఆదివారాలు జీతం లేకుండా తెలుగు బడి నడుపుతూ, అక్కడి పిల్లల నోట నాలుగు తెలుగు ముక్కలు నిలవాలని రాసింది. "గిన్నెలకు మాటలు నేర్పే బదులు వాటిని తోముకుంటే పని తెములుతుంది కదమ్మా," అంది అత్తగారు వీడియో కాల్‌లో. శ్రీహర్ష పగలబడి నవ్వాడు. విద్య కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉగాది వేడుకలో పంచిన కాగితం మీద 'కుక్కర్ పాట, రచన: శ్రీహర్ష' అని ఉంది. ఇదేంటని అడిగితే, "ఇక్కడి తెలుగు అసోసియేషన్‌లో అందరికీ నా పేరు తెలుసు. నీ పేరు వేస్తే ఈవిడెవరంటారు. ఒకే ఇంట్లోవాళ్లం, ఎవరి పేరైతే ఏముంది?" అన్నాడు. ఏమీ లేనప్పుడు నా పేరే ఉండొచ్చుగా అని ఆమె నోటిదాకా వచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె చేస్తున్నది మాటలు అందించడమే. సభల్లో అతను చెప్పే నాలుగు మంచి మాటలూ ఆమె రాసిచ్చినవే. మధ్యలో తడబడితే కింద నుంచి పెదాలు కదిపి గట్టెక్కించేదీ ఆమే.

ఎనిమిదేళ్ల కూతురు వేద పట్టులంగా కట్టుకుని స్టేజి ఎక్కింది. విద్య ఎప్పటిలాగే స్టేజి మూల, కింద గొంతుక్కూర్చుంది.

"మూత బిగించి మంట పెట్టి
ముందు గదిలో కూర్చుంటారు..."

వేద ఆగిపోయింది. నాన్న అతికించిన ముక్క నోటికి రాలేదు. అమ్మ వైపు బిక్కమొహం వేసి చూసింది. విద్య అతని లైన్లు అందించబోయి మానేసింది. తను రాసినవే అందించింది. వేద వాటిని మైకులో గట్టిగా అనేసింది.

"ఈలలు మాత్రం లెక్కపెడతారు
ఎందుకేశానో అడగరు."

ముందు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, తర్వాత హాలంతా కొట్టింది. యాంకరింగ్ చేస్తున్న గిరిజ కళ్లు తుడుచుకుంటూ, "ఆడవాళ్ల మనసు ఇంత బాగా తెలిసిన శ్రీహర్ష గారు స్టేజి మీదకి రావాలండీ, ఇంకోటి వినిపించాల్సిందే," అంది.

అతను చొక్కా సర్దుకుని ఎక్కాడు. కూతురి తల నిమిరి మైకు అందుకున్నాడు. "ఏదో, వీకెండ్స్‌లో సరదాగా రాస్తుంటానండి," అన్నాడు. హాలు ఎదురుచూసింది. అతను అలవాటైన మూలకి చూశాడు, కళ్లతోనే తొందర పెట్టాడు.

చీపురు పాట ఆమె నాలుక చివరే ఉంది. విద్య లేచి నిలబడి, వేదను చెయ్యి పట్టి కిందికి దించుకుంది. తర్వాత మైకుకి కూడా వినబడేలా అంది.

"నువ్వు రాసిందేగా. చెప్పు."