ఎడమవైపు బల్బు

సోమవారాల వరస నేను కాస్త అటూ ఇటూ చేస్తానేమో. రెండో సోమవారం మాట మూడోదానికి అంటగట్టినా కథ మాత్రం ఇదే.

టైలరమ్మ రోజూ తొమ్మిదింటికల్లా కారులో వచ్చి దుకాణం షట్టరు ఎత్తేది. ఆదివారం మాత్రం ఆ కారు ఆమె తమ్ముడు తీసుకెళ్లేవాడు, కుట్టిన బట్టలు ఇళ్లకు చేర్చడానికి, ఒక్కడే. నడుం నొప్పని రెండేళ్లుగా చెంబుడు నీళ్లు కూడా ఎత్తని ఆమె భర్త, ఆ పూట నడుం బెల్టు బిగించుకుని స్నేహితుడింటికని మెల్లగా నడిచి వెళ్లేవాడు. సోమవారం పొద్దున చూస్తే ఎడమవైపు బ్రేకు లైటు వెలిగేది కాదు. వీధి చివర మెకానిక్ ప్రతిసారీ కొత్త బల్బు వేసి పంపేవాడు.

అప్పుడే దుకాణంలో కొలతల పుస్తకాలు మాయమవడం మొదలైంది. పచ్చ అట్టవి పన్నెండు. ఊళ్లో సగం మంది భుజాలూ, నడుములూ, చేతుల పొడవులూ అందులోనే ఉన్నాయి. వారానికొకటి కనిపించకుండా పోయింది. ఆమె మిషన్ల కింద వెతికింది, బియ్యం డబ్బాలో కూడా వెతికింది. నువ్వే ఎవరికో ఇచ్చి మరిచిపోయుంటావని భర్త జాలిగా అన్నాడు. అక్కకి మతిమరుపు ముదురుతోందని తమ్ముడు దుకాణం తన పేరుకి మార్చే కాగితం రాయించి తెచ్చాడు. ఆమెకీ భయం పట్టుకుంది. ఏది ఎక్కడ పెట్టిందో బీరువా తలుపు మీద సుద్దముక్కతో గుర్తులు రాసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో సోమవారం సాయంత్రం సంతకం పెడతానని ఒప్పుకుంది.

ఆ సోమవారం పొద్దున బల్బు మళ్లీ పోయింది. ఈసారి మెకానిక్ ఊరికే మార్చి పంపలేదు. మీటరు పెట్టి కరెంటు చూశాడు, సరిగ్గానే ఉంది. హోల్డరుకి తుప్పు లేదు, అద్దంలోకి నీరు దిగలేదు. డిక్కీ చుట్టూ వేలు పోనిచ్చి, ఎడమ పక్క చితికిన రబ్బరు దగ్గర ఆగాడు.

"డిక్కీ గట్టిగా వేస్తున్నారక్కా. వెలిగేటప్పుడు లోపలి తీగ మెత్తబడి ఉంటుంది. ఆ క్షణంలో దబ్బుమని మూస్తే తెగిపోతుంది."

"నేనలా వెయ్యనయ్యా."

"మీరొక్కరే వేద్దామన్నా కుదరదు. మీ హ్యాండ్ బ్రేకు పట్టదు కదా, బండి ఆపితే ఒకరి కాలు బ్రేకు మీదే ఉండాలి. డిక్కీ వెయ్యడానికి రెండోవాళ్లు కావాలి."

తమ్ముడు ఒక్కడే వెళతాడని ఆమె అంది. మెకానిక్ లోపలికి వెళ్లి, ఇదివరకు ఆమె కారులోంచి తీసిన మాడిన బల్బులున్న రేకు డబ్బా తెచ్చాడు. మాడిన బల్బు చివరిసారి చూసినదాన్ని లోపల దాచుకుంటుందన్నది అందరికీ తెలిసిందే. మెకానిక్ భార్య వంటింటి బల్బులో వాళ్లమ్మాయి వేసిన తొలి అడుగు ఇప్పటికీ ఉంది. కానీ కారు వెనక బల్బు ఎవరు చూస్తారు? ట్రాఫిక్ తప్ప ఏముంటుంది అందులో?

ఆమె సూదిలో దారం ఎక్కించే కళ్లద్దాలు పెట్టుకుని, నాలుగు బల్బులూ ఒక్కొక్కటే ఎండకెత్తింది. నాలుగింటిలోనూ డిక్కీ మూస్తున్నది ఆమె భర్తే. బెల్టు లేదు. ఒకదానిలో చంకన పచ్చ పుస్తకం. ఒకదానిలో భుజం మీద కుట్టుమిషన్. ఇంకోదానిలో అతని వెనక కొత్త దుకాణం, దాని బోర్డు మీద తమ్ముడి పేరు. చివరిదాన్లో అతను నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇంట్లో చూసి ఎన్నేళ్లయిందో ఆమె లెక్కపెట్టుకోబోయి మానేసింది.

"కొత్తది వెయ్యమంటారా అక్కా?"

"వెయ్యి. డిక్కీ తాళం కూడా మార్చు."

సాయంత్రం ఇంట్లో బల్ల మీద కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. భర్త బెల్టుతో కూర్చున్నాడు. ఆమె నాలుగు బల్బులూ ఆ కాగితం మీద వరసగా పెట్టింది.

"నడుం ఎలా ఉందండీ?" అని అడిగింది.

ఆయన ఒక బల్బు తీసి చూశాడు. బెల్టు సర్దుకోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. తమ్ముడు మాత్రం, నీ మంచికేనక్కా, నీకేమో మతిమరుపు, అని మొదలుపెట్టాడు.

"మరిచిపోయానని నన్నే నమ్మించార్రా," అంది ఆమె. "దుకాణం పోయినా ఇంత ఏడ్చేదాన్ని కాదు."

కాగితం మడిచి మిషను కాలు కింద పెట్టింది. మర్నాడు దుకాణంలో కొత్త పుస్తకం తెరిచి, పోయినవన్నీ జ్ఞాపకం మీదే రాయడం మొదలుపెట్టింది. టీచరమ్మ భుజం, పోస్టుమాన్ నడుం, పక్కింటి కవలల చేతులు. వచ్చినవాళ్లకి టేపు పెట్టి చూస్తే ఒక్క అంగుళం తేడా రాలేదు. ఇద్దరి కొలతలు మాత్రం రాయలేదు. మరిచిపోయి కాదు.

మనవరాలా, ఇందులో మనవాళ్ల పేర్లు నేనే వదిలేశాను. సోమవారాల వరసలు సరిగ్గా రాశానో లేదో ఒక్కసారి చూసిపెట్టు తల్లీ.